రేపటి మాటకి నిన్నటి క్రియ

"తాతయ్యా, రేపటి సంగతి చెబుతూ 'కేమ్' అంటారేంటి? తప్పు కదా!"

కనుమనాడు పొద్దున్నే మా మనవరాలు వర్క్‌షీటు పట్టుకొచ్చి అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి. పండక్కి తెనాలి వస్తూ సెలవుల హోంవర్కూ వెంట తెచ్చుకుంది. 'ఐ వుడ్ రాదర్ యు...' తర్వాత ఖాళీ, ఆ పక్కన 'టుమారో'. తను 'కమ్' అని నింపింది. వెనక జవాబుల్లో 'కేమ్' అని ఉంది.

ముప్ఫై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పి 2011లో రిటైరైనవాణ్ణి. నాకిదో లెక్కా? "వుడ్ రాదర్ తర్వాత ఇంకో మనిషి వస్తే క్రియ పాస్ట్ టెన్స్‌లో ఉండాలి. అది రూలు" అన్నాను. నా క్లాసులో అయితే అక్కడితో అయిపోయేది. పదిసార్లు రాయించేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే సందు నేనివ్వలేదనుకోండి.

"రూలు సరే, ఎందుకు?" అంది మనవరాలు.

వంటింట్లో మా అమ్మాయి గారెలు వేస్తోంది. కనుమనాడు మినుము తినాలి కదా. అంతకు అరగంట ముందే మా ఇద్దరికీ మాటా మాటా అయింది. కార్తీకమాసంలో పెరటి కుళాయి దగ్గర జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. మా ఆవిడ పోయి ఆరేళ్లు. ఒక్కణ్ణే ఉంటున్నాను. "ఇంటికి తాళం పెట్టి మాతో హైదరాబాద్ వచ్చెయ్యండి. టికెట్ తీసేస్తున్నా" అంది అమ్మాయి. "నేను రాను" అన్నాను. "రావాల్సిందే" అంది. ఇద్దరం మొహాలు ముడుచుకుని చెరోవైపు తిరిగాం.

మనవరాలు ఇంకా నిలబడే ఉంది. లోపలికెళ్లి మైకేల్ స్వాన్ పుస్తకం తీశాను. 'ప్రాక్టికల్ ఇంగ్లిష్ యూసేజ్'. 1980లో వచ్చిన ఆ పుస్తకాన్ని విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాతది కొన్నాను. అందులోనూ అదే రూలు. కానీ ఆ ఉదాహరణలు చదువుతుంటే, ఇన్నేళ్లూ చెప్పిన పాఠం అప్పుడే మొదటిసారి అర్థమైనట్టనిపించింది.

"చూడమ్మడూ, నా గురించి నేను చెప్పుకుంటే 'ఐ వుడ్ రాదర్ స్టే'. ఉండటం నా చేతిలో పని. క్రియ మామూలుగానే ఉంటుంది. అదే నువ్వు ఉంటే బావుంటుందని నాకనిపిస్తే 'ఐ వుడ్ రాదర్ యు స్టేయ్డ్'. కోరిక నాది, ఉండాల్సింది నువ్వు. అందుకని క్రియ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇక్కడ పాస్ట్ టెన్స్ అంటే జరిగిపోయిందని కాదు. నా చేతిలో లేదు, నీ ఇష్టం అని."

"పొలైట్‌గా అన్నమాట. మరి పట్టుబట్టి చెప్పాలంటే?"

"దానికి వేరే క్రియలున్నాయి. 'ఐ ఇన్సిస్ట్ దట్ హి కమ్'. చూశావా, 'కమ్స్' లేదు, 'కేమ్' లేదు. పట్టుబట్టేవాడికి కాలంతో పనేముంది! 'ఐ వాంట్ హిమ్ టు కమ్' మామూలు మాట. మన పిల్లలు మాత్రం 'ఐ వాంట్ దట్ హి షుడ్ కమ్' అని రాసేవాళ్లు. 'అతను రావాలని' అని తెలుగులో అనుకుని దించేస్తారు. ఎన్ని వేలసార్లు ఎర్రసిరాతో కొట్టేశానో!"

"తెలుగులో 'యు స్టేయ్డ్' లాంటిది లేదా తాతయ్యా?"

లేదనబోయి ఆగాను. ఎందుకు లేదు? మా ఆవిడ ఇంటికొచ్చినవాళ్లని "ఉండండి" అని ఎన్నడూ అనలేదు. "ఈ పూటకి ఉండిపోకూడదూ" అనేది. "మీరుంటే బావుణ్ణు" అనేది. 'ఉంటే' అనే మాటలో ఉండకపోయే వీలు కూడా ఉంది. ఆవిడ ఏ గ్రామరూ చదవలేదు. గ్రామర్ చెప్పిన నేను మాత్రం ఇంట్లో "చదువు, రా, వద్దు, ఊరుకో" అనడమే తప్ప ఇంకోలా మాట్లాడిన గుర్తు లేదు.

ఎప్పుడొచ్చిందో, అమ్మాయి గారెల పళ్లెంతో గుమ్మంలో నిలబడి వింటోంది.

"నాన్నా, 'మీరు నన్నొకసారి అడిగి ఉంటే బావుండేది' అన్నదాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెబుతారు?"

అలవాటు కొద్దీ జవాబు వచ్చేసింది. "ఐ వుడ్ రాదర్ యు హ్యాడ్ ఆస్క్‌డ్ మి. జరిగిపోయినదానికి పాస్ట్ పర్ఫెక్ట్."

చెప్పాక తెలిసింది, అది వ్యాకరణం ప్రశ్న కాదని. 1998లో టెన్త్ పాసయ్యాక అమ్మాయి ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతానంది. నా బీరువాలో పుస్తకాలు చదివి పుట్టిన కోరికే అది. "లెక్కలు తీసుకో" అన్నాను. ఎంపీసీ అప్లికేషన్ నేనే నింపాను. సంతకం మాత్రం తనతో పెట్టించాను. ఈవేళ మంచి ఉద్యోగం చేసుకుంటోంది. ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఇరవై ఏడేళ్ల తర్వాత, అదీ వ్యాకరణం మాటున అడిగింది.

"అవునమ్మా, అడగాల్సింది" అన్నాను. అంతకంటే ఏమనాలో తోచలేదు. తను ఏమీ అనలేదు. పళ్లెం నా చేతికిచ్చి, "చల్లారిపోతాయి, తినండి" అని లోపలికెళ్లింది.

ఆ రాత్రి నా మందులు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది. "మీరు మాతో ఉంటే నాకు బావుంటుంది నాన్నా. మీ ఇష్టం."

పొద్దున "రావాల్సిందే" అన్నప్పుడు "రాను" అనడం తేలికైంది. ఈ మాటకి అంత తేలిగ్గా జవాబు దొరకలేదు. చాలాసేపటికి, "మార్చిలో వచ్చి రెండు నెలలుంటాను. మీ అమ్మ వేసిన మల్లెపందిరి పూతకొచ్చే వేళకి మీరే నన్ను తీసుకొస్తే బావుంటుంది" అన్నాను. కుళాయి దగ్గర గచ్చు గరుకు చేయించి, పట్టుకోవడానికి ఓ కమ్మీ పెట్టిస్తానని కూడా ఒప్పుకున్నాను. ఆ తర్వాత సంగతి ఇద్దరం ఎత్తలేదు.

వెళ్లేరోజు స్టేషన్‌కి వెళ్లాను. రైలు కదులుతుంటే కిటికీ దగ్గరకి పోయి, "చేరగానే ఫోన్ చెయ్యి" అన్నాను.

"ఇన్సిస్టా తాతయ్యా?" అని నవ్వింది మనవరాలు.

అవును మరి. ఆ ఒక్క మాటకి మాత్రం క్రియని వెనక్కి జరపడం నా వల్ల కాలేదు.