ఫోటోకి పనికొచ్చే మూసీ

ఉమియో నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. స్వీడన్‌లో బాగా ఉత్తరాన ఉన్న ఊరది. "మామా, ఇక్కడ నదిలోకి మళ్ళీ బండరాళ్ళు దొర్లిస్తున్నారు" అన్నాడు. అదేం పిచ్చిరా అన్నాను.

వెనకటికి అడవిలో నరికిన దుంగల్ని విండెల్ నదిలో వదిలి దిగువకు తేలించేవారట. దుంగలకు అడ్డమని రాళ్ళన్నీ పెకలించి గట్టున పడేశారు. నది కాస్తా నున్నటి కాలువైంది. సాల్మన్ చేప గుడ్లు పెట్టుకోవడానికి గులకరాళ్ళు మిగల్లేదు. ఇప్పుడు గట్టునున్న ఆ రాళ్ళనే యంత్రాలతో తిరిగి నీళ్ళలోకి తోస్తున్నారు. "మన మూసీ ఫోటో ఒకటి పంపు మామా, మా దోస్తులకు చూపిస్తా" అని పెట్టేశాడు.

నేనుండేది హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో. మూసీ ఇరవై నిమిషాల నడక. అయినా నది చూద్దామని ఎన్నడూ గడప దాటినవాణ్ణి కాను. గాజుల దుకాణం అతను ఎక్కడికని అడిగితే చెప్పాను. "మూసీకా? ఏముంటదన్నా ఆడ?" అని నవ్వాడు.

ఒకప్పటి కోఠి మహిళా కళాశాల పక్కనుంచి నడిచాను. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన పాత రెసిడెన్సీ అదే. మా బజారు దాని నీడనే పెరిగింది. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చేదాకా రెసిడెన్సీ బజారుగానే చలామణి అయింది. నదీ తీరాన మేడ కట్టుకోవడం ఆ రోజుల్లో దర్జా. ఇవాళ నది వైపు కిటికీ ఉందంటే ఇంటి అద్దె తగ్గిస్తారు.

చాదర్‌ఘాట్ వంతెన మీద ఫోన్ బయటికి తీశాను. కింద నల్లటి నీళ్ళు, అంచున గుర్రపు డెక్క, దాని మీద కొంగ. కొంగను మాత్రమే పట్టుకుందామని చూస్తే ప్రతిసారీ ఏదో ఒక ప్లాస్టిక్ సంచి చట్రంలోకి వచ్చేస్తోంది.

పక్క బస్తీలో చాయ్ తాగాను. 2024లో నది బాగుచేత కోసం కూల్చాల్సిన ఇళ్ళకు ఎర్ర రంగుతో గుర్తులు వేసిన బస్తీల్లో అదొకటి. చాయ్ పోస్తున్నావిడ అంది: "మూసీ సాఫ్ అయితే మంచిదే సార్. మరి మేమెటు పోవాలె?" నా దగ్గర జవాబు లేదు. చిల్లర కూడా లేదు, ఆవిడే పర్లేదంది.

అఫ్జల్‌గంజ్ దాకా గట్టు వెంబడే పోయాను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టు ఇంకా ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మందికి పైగా బతికారంటారు. నగరంలో పోయినవాళ్ళు వేలల్లో. ఆ భయంతోనే నిజాం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు తయారయ్యాయి. నగరానికి తాగునీరు దొరికింది, వరద భయం తగ్గింది. కానీ వరదకు వేసిన కళ్ళెం మామూలు నీటికీ పడింది. పైనుంచి నీళ్ళు ఆగిపోయాయి, ఊళ్ళోంచి మురుగు మాత్రం ఆగలేదు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రం ఉన్నా, నల్లా తిప్పిన ప్రతి ఇల్లూ నదికి ఇంకొంచెం కలుపుతూనే ఉంటుంది. నది బాగుచేత పేరిట గట్టున దీపాలూ నడకదారులూ వేస్తామంటే కాదనను. నాకైతే ముందు పైనుంచి నాలుగు మంచినీళ్ళు వదలాలనిపిస్తుంది. నదికి తన దారి గుర్తుంది: 2025 సెప్టెంబరు చివర్లో జలాశయాల గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే వచ్చేసింది.

పంపదగ్గ ఫోటో మాత్రం దొరకలేదు. మర్నాడు పొద్దున్నే నాంపల్లిలో వికారాబాద్ రైలెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో అనంతగిరి. అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. మూసీ పుట్టిల్లు ఈ కొండలే. ముచుకుంద మహర్షి ఇక్కడి గుహలో నిద్రపోయాడని, ఆయన పేరునే నదికి ముచుకుంద అన్నారని స్థలపురాణం. ఇక్కణ్ణుంచి 240 కిలోమీటర్లు పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

వానలు పడి వారమైంది. చెట్ల కింద చేతి వెడల్పున ఒక పాయ, రాయి నుంచి రాయికి చప్పుడు చేసుకుంటూ జారుతోంది. చెప్పులు విప్పి కాళ్ళు పెట్టాను. చల్లగా ఉంది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఇసుక రేణువులు కదలడం కనిపిస్తోంది. వేలెడంత లేని చేపపిల్లలు పాదాల దగ్గరికొచ్చి, నన్ను చూసి కాదనుకుని, ఒక రాయి వెనక్కి చేరాయి. ఈ రాళ్ళను ఎవరూ పెకలించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీశాను. ఒక్కటే తీశాను, చాలనిపించింది.

తిరుగు రైల్లో పంపాను. లింగంపల్లి దగ్గరికొచ్చేసరికి జవాబొచ్చింది: "అబ్బ, రాళ్ళు భలే ఉన్నాయి మామా! మీ ఇంటి దగ్గరేనా ఇది?"

ఏం రాయాలో తోచక ఫోన్ జేబులో పెట్టుకున్నాను. చాదర్‌ఘాట్ ఫోటో ఇంకా అందులోనే ఉంది, కొంగతో సహా.