గొట్టం మీద అలలు... వెనక మన ఉక్కు!

ఎటు చూసినా అద్దాల మేడలు... మెడలో ఐడీ కార్డులతో పరుగులు తీసే కుర్రకారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ రాళ్లగుట్టల రూపమే మారిపోయింది. ఇక్కడి పిల్లలకు తుపాకీ అంటే వీడియో గేమ్‌లో పేలేదే! పాతకాలం ఆయుధాలు చూపించాలంటే హైటెక్‌సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, ఎంజీబీఎస్‌లో దిగితే చాలు. కాస్త దూరంలోనే సాలార్‌జంగ్ మ్యూజియం.

ఒకప్పుడు గడీల్లో, జమీందార్ల ఇళ్లలో జోడు గొట్టాల తుపాకీ ఉండటమే ఓ హోదా. చూడ్డానికి రెండు ఇనుప గొట్టాలే. కానీ ఎంత పనితనమో! పేలినప్పుడు ఒత్తిడంతా తూటా ఉన్నచోటే ఎక్కువ. అందుకే గొట్టం అక్కడ మందంగా, పోనుపోనూ పల్చగా ఉంటుంది. రెండూ పూర్తిగా సమాంతరం కావు. కొసల దగ్గర ఒకదానివైపు ఒకటి రవ్వంత మొగ్గుతాయి. ఏది పేల్చినా సీసపు గుళ్లు ఒకే గురికి తగలాలి కదా! 1870ల్లో 'చోక్' ప్రచారంలోకి వచ్చింది. గొట్టం కొసను లోపల కాస్త ఇరుకు చేస్తే గుళ్లు తొందరగా చెదిరిపోవు.

కొన్ని గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. అవి చెక్కినవి కావు. ఇనుము, ఉక్కు కడ్డీలను కలిపి మెలిపెట్టి, చువ్వకు తాడులా చుట్టి, కొలిమిలో కాల్చి, సుత్తితో అతికిస్తే తేలినవి. వీటినే 'డమాస్కస్ బ్యారెల్స్' అంటారు. ఆ పేరు డమాస్కస్ కత్తుల నుంచి వచ్చింది. మరి ఆ తరహా కత్తులకు పేరు తెచ్చిన ఉక్కో? మూసలో కరిగించి తీసిన మన దక్షిణాది ఉక్కు! నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దానికి పేరుమోసిన కేంద్రం. 19వ శతాబ్దం తొలినాళ్లలోనూ పర్షియా వర్తకులు ఆ పల్లెకొచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కెళ్లేవారు. లోకం దాన్ని 'వూట్జ్' అంది. మన 'ఉక్కే' అలా మారిందంటారు.

ఒక్క జాగ్రత్త. తాతగారి తుపాకీ ఇంట్లో ఉన్నా సరదాకి పేల్చొద్దు. ఈ గొట్టాలు పాత నల్లటి తుపాకీ మందు కోసం చేసినవి. అతుకుల మధ్య తుప్పు పట్టినా పైకి కనిపించదు. ఈనాటి తూటా వేస్తే గొట్టం చీలి వేళ్లే పోవచ్చు. తాతగారి లైసెన్సు వారసులకు దానంతటదే రాదు. తమ పేరిట తీసుకోవాలి, లేదా తుపాకీని పోలీస్‌స్టేషన్లో అప్పగించాలి.

కోనసముద్రం కొలుములు ఎప్పుడో చల్లారాయి. డమాస్కస్ పేరు మాత్రం గొట్టాల మీద నిలిచిపోయింది. ఈసారి మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్తే, పిల్లలకు ఆ పల్లె పేరు కూడా చెప్పండి.