రెండో టీమ్ అంటే?

2016 మే 2. రెండు గోల్స్ వెనకబడిన చెల్సీ 83వ నిమిషంలో హజార్డ్ గోల్‌తో టాటెన్‌హామ్‌ని 2-2తో ఆపింది. దాంతో టాటెన్‌హామ్ ఇక అందుకోలేని ప్రీమియర్ లీగ్ టైటిల్, ఆ మ్యాచ్‌లో ఆడని లెస్టర్‌కి ఖాయమైంది. సీజన్ మొదట్లో దాని మీద పందెం 1కి 5000! ఆ ఏడాది ఎవర్ని అడిగినా లెస్టరే ‘మా రెండో టీమ్’. చెల్సీ వాళ్లయితే ఎగిరి గంతేశారు. లెస్టర్ మీద ప్రేమకన్నా టాటెన్‌హామ్ మీద కచ్చే ఎక్కువనుకోండి.

అదే లెస్టర్ 2023లో కింది డివిజన్‌కి జారిపోయింది. ఆ రాత్రి అన్నం సయించని ‘రెండో టీమ్’ అభిమాని ఒక్కడైనా ఉన్నాడా? నాకు అనుమానమే. పెళ్లి భోజనానికొచ్చిన వాళ్లందరూ అప్పగింతల దాకా ఉండరుగా!

అలాగని ‘రెండో టీమ్’ అభిమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. రచయిత నిక్ హార్న్‌బీకి ఆర్సెనల్ అంటే పిచ్చి. కేంబ్రిడ్జ్‌లో చదువుకునే రోజుల్లో కేంబ్రిడ్జ్ యునైటెడ్ మ్యాచ్‌లకీ వెళ్లేవాడు. ఉన్న ఊరి చిన్న టీమ్, టికెట్ కొనుక్కుని మరీ చూడటం... దాన్ని అబద్ధం అనలేం. కాకపోతే కప్ డ్రాలో ఆ రెండూ ఎదురుపడితే అతను ఎటు కూర్చుంటాడో నన్నడక్కండి, మీకే తెలుసు.