పెరటిలోని అమానతు

వానలు వెనుకబట్టాక, మహబూబ్‌నగర్‌ జిల్లాలోని మా ఊళ్లో పెరడూ వేరుశనగ చేనూ కలిసే చోట గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. ఒకనాడు ఫజ్ర్‌ నమాజు అనంతరం ఆ గడ్డి కోస్తుండగా కొడవలి చటుక్కున ఆపవలసి వచ్చింది. అరచేయంత పల్లంలో రెండు చెవులపిల్లి కూనలు ఒదిగి ఉన్నాయి. ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్లు; కదలిక మాత్రం లేదు.

తల్లి విడిచిపోయిందని జాలిపడి వాటిని బుట్టలోకి ఎత్తాను. ఇంట్లో ఆవుపాలు వెచ్చబెట్టమన్నాను. అటుగా వచ్చిన ముసలి గొర్రెలకాపరి వారించాడు: "మౌల్వీసాబ్, తల్లి యాడికీ పోలే. పొద్దుగూకినంక వచ్చి పాలిస్తది. యాడ దొరికినయో ఆడనే పెట్టుండ్రి."

ఆయన మాట నిజమే. పెంపుడు కుందేలు పిల్లల వలె ఇవి బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుట్టవు. చెవులపిల్లి బొరియ తవ్వదు. తన వాసన పట్టి కుక్కలూ నక్కలూ పిల్లలను చేరకుండా పగలంతా దూరంగా ఉంటుంది. ఆవుపాలు ఆ పసికూనలకు ప్రాణాంతకం కావచ్చు. అడవి కుందేలును పట్టి ఉంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

పక్షి పిల్లలను పట్టి తెచ్చిన సహచరులను, వాటిని తల్లికి తిరిగి అప్పగించమని దైవప్రవక్త (స) ఆదేశించిన హదీసును నేను ఏటా బోధిస్తాను. అయినా, ఈ తల్లి నా కంటికి కనిపించనంత మాత్రాన లేదని తీర్పు ఇచ్చేశాను!

కూనలను వాటి పల్లంలోనే ఉంచి, కుక్కను ముంగిట కట్టేశాము. మగ్రిబ్‌ తరువాత కిటికీలోంచి చూడగా గడ్డి మెల్లగా కదిలింది. పొడవాటి చెవులు రెండు నిలిచి, వంగాయి. కొడవలి నేటికీ గోడకే ఉంది.