అభావజ్ఞానము – శిశుచిత్తము

భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అంగీకరించిన ఆరు ప్రమాణాలలో చివరిది అనుపలబ్ధి. "ఇచట ఘటము లేదు" అనే జ్ఞానం కేవలం చక్షువు వలన కలగదు. చక్షువుకు గోచరించేది శూన్యమైన నేల మాత్రమే. ఘటాన్ని పూర్వమెరిగి, దానిని స్మరించగలవానికే దాని అభావం తెలుస్తుంది. స్మృతి లేనివానికి లేమియూ లేదు. నేను వల్లించిన ఈ ప్రకరణానికి సజీవమైన ఉదాహరణలు మా గోరంట్ల దేవళంలో తరచుగా కనబడుతుంటాయి.

మాది కరవు సీమ. చిత్రావతిలో నీరు కంటే ఇసుకను చూచిన దినాలే ఎక్కువ. వాన తప్పిన ఏట యువదంపతులు పసిబిడ్డను అవ్వ వద్ద విడిచి బెంగళూరుకు పనికి పోతారు. చూస్తే ఏడుస్తుందని, బిడ్డ నిద్రలో ఉండగానే తెల్లవారుజామున బస్సెక్కుతారు. కొన్నాళ్లకు అవ్వ బిడ్డను చంకనెత్తుకొని వస్తుంది. "దిష్టి తగిలినట్టుండాది సామీ, రెయ్యంతా నిద్రపోదు, వాకిలి తట్టే చూస్తాది."

నేను మొదట అడిగేది నక్షత్రం కాదు, ఎన్నో నెల అని. తరచుగా తొమ్మిదో పదో అంటారు.

స్విట్జర్లాండు దేశీయుడైన పియాజే తన ముగ్గురు బిడ్డలను పరిశీలించి వ్రాసిన విషయం ఇక్కడ స్మరణీయం. నాలుగైదు నెలల శిశువు ఎదుట బొమ్మపై వస్త్రం కప్పితే, దానికై వెదకదు. ఎనిమిదో నెల దాటాక వస్త్రం లాగి తీసుకుంటుంది. అయితే ఒక వింత ఉంది. ఒకే చోట పలుమార్లు దొరికిన బొమ్మను, కన్నుల ఎదుటనే వేరొక చోట దాచినా, శిశువు మునుపటి చోటనే వెదకుతుంది! దాచుటకూ వెదకుటకూ నడుమ ఎంత వ్యవధి ఉంటే ఈ పొరపాటు కలుగుతుందో అడెల్ డైమండ్ అనే విదుషి 1985లో కొలిచారు. ఏడున్నర నెలలకు రెండు క్షణాల లోపే; సంవత్సరం నిండేసరికి పది క్షణాలకు పైగా. అదే ఏడు రెనే బయ్యార్జాన్ ప్రభృతులు ఐదు నెలల శిశువులు సైతం తెర వెనుకనున్న వస్తువును మరువరని, వారి చూపు నిలిచే కాలాన్ని బట్టి నిరూపించారు. ఎరుక ముందు, చేయి తరువాత అన్నమాట.

తర్కసంగ్రహకారుడైన అన్నంభట్టు స్మృతిని సంస్కారమాత్రజన్యమన్నాడు. ఆ బిడ్డలో తల్లి సంస్కారం దృఢమైంది, కానీ వెదకుటకు దానికి తెలిసిన చోటు ఒక్కటే: నిద్ర లేచినప్పుడు అమ్మ కనబడిన ఆ పక్క, ఆ వాకిలి. ప్రతి మేల్కొలుపులోనూ అక్కడే చూస్తుంది, ప్రతిసారీ అభావమే దొరుకుతుంది. దీనికి దిష్టి అని పేరు పెట్టుట నాకు సమ్మతం కాదు. (కుంకుమ మాత్రం పెడతాను. అది అవ్వ కోసం.)

"మరలా వచ్చినప్పుడు, బిడ్డ మెలకువగా ఉండగా చెప్పి పొమ్మను" అంటాను. ఏడ్వదా? ఏడుస్తుంది. పోయే తల్లిని చూచి ఏడ్చే ఏడుపుకు ఒక దిక్కుంటుంది; నిద్రలో పోగొట్టుకున్నదానికి ఆ దిక్కు కూడా ఉండదని నా అభిప్రాయం.

మొన్న ఉగాదికి వచ్చిన ఒక తల్లి నా మాట విన్నది. బస్సు కూత వేస్తున్నా బిడ్డను ముద్దాడి, చెప్పి, చేయి ఊపి ఎక్కింది. వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది బిడ్డ. బస్సులో తల్లీ ఏడ్చిందట. ఆ అవ్వ వారం దినాలు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో నాడు తీర్థానికి వచ్చి, చేయి చాస్తూ, "రాత్రి నిద్రపోయె సామీ" అని మాత్రం అన్నది.