దగ్గర దావ వేరు, తక్కువ ఖర్చు దావ వేరు

పోస్టు కొంచెం పొడుగైంది. పైపులైను తవ్వించే ఆలోచన ఉన్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మాది వేంపల్లె. పోయిన ఎండాకాలం చీనీ తోటలో బోరు ఎండిపోయింది. దూరంగా ఉన్న మా ఇంకో బోరు నుంచి నీళ్లు తెచ్చుకోవాల. ఫోన్ మ్యాపులో గీత గీస్తే 600 మీటర్లు. దగ్గరే కదా అని జేసీబీ పిలిపించి తిన్నగా తవ్వించినా. సగం పోయేసరికి బండ. బ్రేకర్ పెట్టించినా. దుడ్లు అయిపోయినాయి గానీ బండ అయిపోలేదు. ఆ జాగులో 40 చెట్లు ఎండినాయి.

మా చెల్లెలి కొడుకు మ్యాపుల చదువు చదువుతున్నాడు. "దూరం కొలిచినావు గానీ ఖర్చు కొలవలేదు మామా" అన్నాడు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపించినాడు. నేలనంతా 30 మీటర్ల గడులుగా కోస్తారు. ఒక్కో గడికి ఖర్చు అంకె వేస్తారు. మేం ఎర్రనేలకు 1, బండకు 10 వేసినాం. తిన్నగా పోతే 20 గడులు, అందులో 6 బండ, మొత్తం 74. చుట్టు తిరిగితే 26 గడులు, అంతా ఎర్రనేలే, మొత్తం 26. అన్ని దావల్లో మొత్తం తక్కువైనదాన్ని కంప్యూటర్ ఏరుతుంది.

మన కె.సి. కెనాల్ చూడండి. కర్నూలు నుంచి కడపకు గీత గీస్తే 200 కిలోమీటర్లు కూడా రాదు. కాలువ మాత్రం సుమారు 300 కిలోమీటర్లు. 1860లలో తవ్వినోళ్లకు కంప్యూటర్ లేదు, నేల వాలు పట్టుకొని పోయినారు.

ఒక హెచ్చరిక. ఇస్రో వాళ్ల భువన్‌లో ఎత్తుల పటం ఉచితంగా దొరుకుతుంది. అది ఎత్తుపల్లం చెప్తాది గానీ కింద బండ ఉందో లేదో చెప్పదు. పొలమంతా తిరిగి ఆ అంకె మనమే ఇయ్యాల. అంకె తప్పయితే దావా తప్పే.

ఇంకో సంగతి కూడా చెప్పాల. ఆ చుట్టు దావ మా అన్న చేను గట్టెంబడి పోతాది. మాకు ఏడేండ్లుగా మాటల్లేవు. "ఈ గడులకు ఎంత వేయాల మామా? అడ్డం అని గుర్తు పెడితే ఆ పక్కకే పోదు" అని పిల్లోడు అడిగినాడు. నా నోట మాట రాలేదు. నిజం చెప్తాండా, మొదట తిన్నగా తవ్వించింది కూడా ఆ చేను తప్పించుకోవాలనే. ఆ గుర్తు నా మనసులో ఎప్పుడో పెట్టుకున్నా.

ఆ రాత్రే పోయి అడిగినా. "తవ్వుకో, గట్టు మాత్రం మళ్లీ సరిగ్గా ఏసిపో" అన్నాడు అన్న. వదిన మజ్జిగ ఇచ్చింది. రెండు రోజుల్లో నీళ్లు పారినాయి.

ఎండిన 40 చెట్లు మాత్రం తిరిగి రావు. మీరు జేసీబీ పిలిచే ముందు పొలం ఒకసారి నడవండి. గట్టు పక్కోళ్లను కూడా ఒకమాట అడగండి.