యార్డులో ముసలి ఇంజను

గుంతకల్లులో మా ఇంటికీ రైలు పట్టాలకూ మధ్య ఒక వేపచెట్టు మాత్రమే ఉండేది. నాన్నగారు డీజిల్ ఇంజను డ్రైవరు. ఆయన డ్యూటీ దిగే వేళకు బండి యార్డులోకి వస్తున్న గుడగుడ వినిపిస్తే చాలు, అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

ఆ గుడగుడ డబ్ల్యూడీఎం-2ది. అమెరికాలోని ఆల్కో సంస్థ రూపొందించిన ఇంజను. 1962లో మొదటివి ఓడల మీద వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి. కన్నతల్లి వంటి ఆల్కో 1969లోనే మూతపడినా, బిడ్డ మాత్రం మన దేశంలో అర్ధశతాబ్దం బరువులు లాగింది. తరువాత శక్తిని 3100కు పెంచి, డబ్ల్యూడీఎం-3ఏ అన్నారు.

దాని నల్లపొగను అందరూ విసుక్కునేవారు. నాన్నగారు మాత్రం వెనకేసుకొచ్చేవారు. నాచ్ పెంచగానే డీజిలు ముందు చేరుతుంది. గాలిని లోపలికి నెట్టే టర్బో వేగం పుంజుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ లోపు సరిగా కాలని డీజిలే ఆ పొగ. "బరువెత్తేటప్పుడు మనిషికి మాత్రం ఆయాసం రాదా?" అనేవారు.

2018 డిసెంబరులో ఊరికి వెళ్ళాను. అప్పటికి చాలా దారుల మీద విద్యుత్తు తీగలు వచ్చేశాయి. ఒక ముసలి 3ఏ యార్డులో షంటింగ్ చేస్తూ, పెట్టెలను అటూ ఇటూ జరుపుతూ కాలం గడుపుతోంది. వయసు మీదపడి నాన్నగారికి వినికిడి దాదాపు పోయింది. అయినా ప్రతి సాయంత్రమూ వంతెన మీద నిలబడి, పొగను చూసి, "రెండు... మూడు... నాలుగు" అని నాచ్‌లు లెక్కపెట్టేవారు. ఒక్కసారీ తప్పలేదనే నా నమ్మకం. సంక్రాంతికీ అదే వంతెన, అదే లెక్క.

ఉగాదికి వెళ్ళేసరికి ఇంజను లేదు.

"వేరే ఊరికి పంపారట" అన్నాను, ఆయన చెవి దగ్గర గట్టిగా.

"తుక్కుకి పంపారని చెప్పు. నాకు తెలియదా!" అన్నారు.

అబద్ధమాడినందుకు సిగ్గుపడ్డాను. ఏదో ఒక నిజం చెప్పాలనిపించి, అమ్మ ఎసరు సంగతి చెప్పాను. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఆయన చాలాసేపు ఖాళీ పట్టాలవైపు చూశారు.

"అందుకేనా! ఏ అర్ధరాత్రి వచ్చినా అన్నం వేడిగా ఉండేది. నేనెప్పుడూ అడగనే లేదురా."